రెండు వృత్తుల పాత్రకు వెల: డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమాలలో బహువృత్తి సమతౌల్యం (1974–2024)

వ్యాస సారాంశం

కాల్పనిక పాత్రపోషణ క్రీడలలో ఒకే పాత్ర ఒకటికి మించిన వృత్తులను అవలంబించడాన్ని బహువృత్తి విధానం అంటున్నాం. ఈ విధానం 1974లో వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' తొలి ముద్రణలోనే బీజరూపంలో ఉంది. గడచిన యాభై ఏళ్లలో ప్రతి ముద్రణా దానిని కొత్తగా నిర్వచించింది. ఆ నిర్వచనాల చరిత్రను పరిశీలించి, సమతౌల్యం అంటే శక్తిని సమానంగా పంచడం కాదని, అదనపు సామర్థ్యానికి పాత్ర చెల్లించవలసిన వెల ఎక్కడ ఉండాలో నిర్ణయించడమని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం. ఆ వెల తొలుత పుట్టుకలోను, తరువాత కాలంలోను, చివరకు ఎంపికలోను నిలిచిన క్రమాన్ని ఇందులో చర్చించడమైనది.

కీలక పదాలు: పాత్ర, వృత్తి, స్థాయి, అనుభవాంకం, జాతి, సమతౌల్యం.

1. ఉపోద్ఘాతం

పాత్ర అనే మాట సాహిత్య విద్యార్థికి కొత్తది కాదు. నాటకంలోనైనా నవలలోనైనా పాత్రను రచయిత సృష్టిస్తాడు, పాఠకుడు స్వీకరిస్తాడు. పాత్రపోషణ క్రీడలో ఈ ఏర్పాటు మారుతుంది. ఆటగాడే పాత్రను నిర్మించుకొని, దాని తరఫున మాట్లాడి, దాని జయాపజయాలను అనుభవిస్తాడు. అయితే ఆ నిర్మాణానికి ఒక నియమగ్రంథం హద్దులు గీస్తుంది. ఆ గ్రంథాన్ని కేవలం ఆట పుస్తకమని తోసిపుచ్చకుండా, పాత్రచిత్రణను గురించిన శాస్త్రగ్రంథంగా చదవవచ్చునన్నది ఈ వ్యాసానికి ప్రాతిపదిక. మన అలంకారికులు నాయకుణ్ణి ధీరోదాత్త, ధీరోద్ధత, ధీరలలిత, ధీరశాంత భేదాలతో నాలుగు విధాలుగా విభజించినట్లే, ఈ నియమగ్రంథాలు కూడా పాత్రను యోధుడు, మాంత్రికుడు, అర్చకుడు, చోరుడు వంటి కొన్ని మూసలలో నిలిపాయి. ఒక మూసలో ఇమడని పాత్రను ఏం చేయాలన్న ప్రశ్న నుంచే బహువృత్తి విధానం పుట్టింది.

ఈ వ్యాసకర్తకు ఈ ఆట విశ్వవిద్యాలయ వసతిగృహంలో పరిచయమైంది. అయిదుగురు మిత్రులు కూర్చున్న ఆ ఆటలో ఒకరి పాత్ర కత్తి తిప్పేది, మంత్రం వేసేది, తాళం కూడా తీసేది. మూడు వారాలకు తాళాలు తీయడమే పనిగా పెట్టుకొన్న మిత్రుడు ఆటకు రావడం మానేశాడు. ఆ ఖాళీ స్థానాన్ని చూసినప్పుడు సమతౌల్యం అన్నది అంకెలకు సంబంధించిన విషయం మాత్రమే కాదని అర్థమైంది. అది పక్కవాడి పాత్రకు పని మిగల్చడానికి సంబంధించిన విషయం కూడా.

2. పరిభాష

ఆటలో 'క్లాస్' అనే మాటకు తెలుగులో తరగతి, వర్గం అనే పదాలు ఉన్నా అవి ఇక్కడ పొసగవు. తరగతి బడిని, వర్గం సామాజికార్థిక స్థితిని స్ఫురింపజేస్తాయి. పాత్ర చేసే పనిని, దానికై పొందిన శిక్షణను సూచించే మాట కావాలి కనుక ఇందులో 'వృత్తి' అనే పదాన్ని స్వీకరించడమైనది. 'రేస్' అనే మాటకు 'జాతి' అని వాడాం. ఎల్ఫ్, డ్వార్ఫ్, హాఫ్లింగ్ మొదలైనవి మానవేతర జాతులు. సాహసాల ద్వారా పాత్ర సంపాదించేవి అనుభవాంకాలు. అవి నిర్ణీత సంఖ్యకు చేరినప్పుడు పాత్ర ఒక స్థాయి పైకి వెళ్తుంది.

జాతి, వృత్తి అనే రెండు మాటలనూ పక్కపక్కన ఉంచగానే తెలుగు పాఠకుడికి 'కులవృత్తి' అనే మూడో మాట గుర్తుకు రావడం సహజం. ఆ స్ఫురణను ఇక్కడ కావాలనే తొలగించలేదు. దాని ప్రయోజనం ఏడవ భాగంలో స్పష్టమవుతుంది.

3. ఆరంభ దశ: పుట్టుకే అర్హత (1974–1975)

గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా పట్టణం నుంచి మూడు చిన్న పుస్తకాలుగా వెలువడింది. అందులో ఉన్నవి మూడే వృత్తులు: యోధుడు, మాంత్రికుడు, అర్చకుడు. ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్క లోటు ఉంది. యోధుడికి మంత్రం రాదు. మాంత్రికుడు కవచం తొడగడు. అర్చకుడు పదునైన ఆయుధం పట్టడు. ఈ లోట్ల వల్లనే ఒకరికొకరు అవసరమై బృందం ఏర్పడుతుంది.

అయితే ఆ ఆటకు ప్రేరణగా నిలిచిన కాల్పనిక సాహిత్యంలో నాయకులు ఇలా గిరిగీసుకొని ఉండరు. రాబర్ట్ హోవర్డ్ సృష్టించిన కోనన్ దొంగగా, ఓడదొంగగా, సైనికుడుగా జీవించి చివరకు రాజయ్యాడు. ఫ్రిట్జ్ లీబర్ కథలలోని గ్రే మౌజర్ మాంత్రికుని వద్ద శిష్యరికం చేసి ఖడ్గవిద్యలోను, చోరవిద్యలోను ఆరితేరాడు. టోల్కీన్ చిత్రించిన గాండాల్ఫ్ మాంత్రికుడై ఉండి ఖడ్గం ధరిస్తాడు. సాహిత్యం ఇచ్చిన స్వేచ్ఛకు, ఆట కోరిన శ్రమవిభజనకు మధ్య ఏర్పడిన ఈ ఒత్తిడే బహువృత్తి నియమాలకు మూలం.

తొలి ముద్రణ ఈ సమస్యకు రెండు వేర్వేరు సమాధానాలు చెప్పింది. ఎల్ఫ్ జాతి పాత్ర యోధుడుగాను, మాంత్రికుడుగాను ఉండవచ్చు. కాని ఏ సాహసానికి ఏ వృత్తి అన్నది ముందే నిర్ణయించుకోవాలి. మధ్యలో మార్చడానికి వీలులేదు. పైగా ఎల్ఫ్ యోధుడుగా 4వ స్థాయిని, మాంత్రికుడుగా 8వ స్థాయిని దాటలేడు. మానవుడికి ఇటువంటి పరిమితి లేదు. అతడు వృత్తి మారదలిస్తే కొత్త వృత్తికి ప్రధానమైన గుణంలో 16 లేదా అంతకు మించిన అంకె ఉండాలి. మూడు పాచికలు వేసి గుణాంకాన్ని నిర్ణయించే పద్ధతిలో 216 అవకాశాలకు గాను 16 ఆపైన పడేవి 10 మాత్రమే. అంటే నూటికి అయిదుగురికైనా ఒక నిర్దిష్టమైన వృత్తిలోకి మారే అర్హత దక్కదు. అర్హత ఉన్నా వృత్తి మార్పు అభిలషణీయం కాదని గ్రంథమే సూచించింది. అర్చకుడు మాంత్రికుడుగాను, మాంత్రికుడు అర్చకుడుగాను మారడాన్ని పూర్తిగా నిషేధించింది.

1975లో గైగాక్స్, రాబ్ కుంట్జ్ వెలువరించిన 'గ్రేహాక్' అనుబంధం చోరవృత్తిని చేర్చి, మానవేతర జాతులు రెండు వృత్తులను ఏకకాలంలో సాగించే పద్ధతిని ప్రవేశపెట్టింది. సంపాదించిన అనుభవాంకాలు వృత్తుల మధ్య పంపకమవుతాయి. ఒక వృత్తిలో జాతిపరమైన పైకప్పు తగిలిన తరువాత కూడా దాని వాటా దానికి పోవలసిందే. నిండిన కుండలో నీళ్లు పోస్తూ ఉండడం వంటిదన్నమాట. ఈ వృథా నియమకర్తల పొరపాటు కాదు. రెండు వృత్తుల సౌకర్యానికి వారు విధించిన దీర్ఘకాలిక సుంకం అది.

4. రెండు మార్గాలు, ఒకే గమ్యం (1978–1989)

1978లో వచ్చిన 'అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆటగాళ్ల గ్రంథం ఈ రెండు సమాధానాలను రెండు స్పష్టమైన మార్గాలుగా తీర్చింది. మానవేతరులది ఏకకాల మార్గం. అనుభవాంకాలు సమానంగా విడిపోతాయి, రెండు వృత్తులూ కలిసి సాగుతాయి. మానవులది అనుక్రమ మార్గం. మొదటి వృత్తిని శాశ్వతంగా ఆపివేసి రెండవది 1వ స్థాయి నుంచి మొదలుపెట్టాలి. దానికి పాత వృత్తి ప్రధాన గుణంలో 15, కొత్త వృత్తి ప్రధాన గుణంలో 17 ఉండాలి. కొత్త వృత్తి స్థాయి పాతదానిని మించే వరకు పాత విద్యను వాడితే అనుభవాంకాల విషయంలో నష్టపోవలసి వస్తుంది.

మన పురాణపాత్రలతో పోల్చి చెబితే ఈ భేదం సులభంగా బోధపడుతుంది. ద్రోణుడు బ్రాహ్మణుడుగా ఉంటూనే అస్త్రవిద్యాచార్యుడు. విశ్వామిత్రుడు రాజ్యాన్ని వదలి తపస్సును మొదటి నుంచి ఆరంభించినవాడు. పాత స్వభావం తలెత్తినప్పుడల్లా అతని తపస్సు ఖర్చయిపోయింది. ద్రోణునిది ఏకకాల మార్గం, విశ్వామిత్రునిది అనుక్రమ మార్గం. ఇది అవగాహన కోసం చేసిన పోలిక మాత్రమే. ఆ నియమకర్తలపై మన పురాణాల ప్రభావం ఉందని దీని అర్థం కాదు.

ఈ రెండు మార్గాలలో ఏది లాభకరం? 1989 నాటి రెండవ ముద్రణలోని అనుభవాంకాల పట్టికను ఆధారంగా తీసుకొని లెక్కించవచ్చు. యోధుడికి 8వ స్థాయికి 1,25,000, 9వ స్థాయికి 2,50,000, 10వ స్థాయికి 5,00,000 అనుభవాంకాలు కావాలి. మాంత్రికుడికి 8వ స్థాయికి 90,000, 9వ స్థాయికి 1,35,000, 10వ స్థాయికి 2,50,000, 11వ స్థాయికి 3,75,000, 12వ స్థాయికి 7,50,000 కావాలి. ఉత్తమ గుణాంకాలకు ఇచ్చే అదనపు శాతాన్ని ఈ లెక్కలో పక్కన పెట్టాం.

మొత్తం 5,00,000 అనుభవాంకాలు సంపాదించిన నలుగురిని తీసుకొందాం. యోధవృత్తిలోనే ఉన్నవాడు 10వ స్థాయిలో ఉంటాడు. మాంత్రికవృత్తిలోనే ఉన్నవాడు 11వ స్థాయిలో ఉంటాడు. రెండు వృత్తుల ఎల్ఫ్‌కు చెరి 2,50,000 దక్కుతాయి కనుక 9వ స్థాయి యోధుడు, 10వ స్థాయి మాంత్రికుడు అవుతాడు. 9వ స్థాయి వరకు యోధుడుగా ఉండి తరువాత మాంత్రికుడైన మానవుడు కూడా సరిగ్గా 9వ స్థాయి యోధుడు, 10వ స్థాయి మాంత్రికుడే అవుతాడు.

దీని నుంచి రెండు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, రెండు వృత్తులు చేపట్టినవాడు ఒకే వృత్తిలో ఉన్నవాడికంటే వెనుకబడేది ఒక్క స్థాయి మాత్రమే. స్థాయికి కావలసిన అంకాలు దాదాపు రెట్టింపు అవుతూ పోయే పట్టికలో సగం వాటా అంటే సగం స్థాయి కాదు, ఒక మెట్టు తక్కువ మాత్రమే. పంపకం చూడటానికి కఠినంగా ఉన్నా నిజానికి చవక. ఆ చవకను సరిదిద్దడానికే మానవేతరులకు జాతిపరమైన పైకప్పులు అవసరమయ్యాయి. రెండవ ముద్రణలో ఎల్ఫ్ యోధుడికి 12, మాంత్రికుడికి 15 పరిమితులు.

రెండవది, గమ్యం ఒకటే అయినా ప్రయాణాలు వేరు. మొత్తం 2,50,000 వద్ద ఎల్ఫ్ రెండు వృత్తులలోనూ 8వ స్థాయిలో సుఖంగా ఉన్నాడు. అదే సమయానికి మానవుడు కత్తిని ఒరలో పెట్టి, 1వ స్థాయి మాంత్రికుడుగా తోటివారి వెనుక దాక్కొంటున్నాడు. 5,00,000 దాటిన తరువాత పరిస్థితి తిరగబడుతుంది. మానవుడు సంపాదించినదంతా మంత్రవిద్యకే చేరుతుంది కనుక మొత్తం 10,00,000 వద్ద 12వ స్థాయి మాంత్రికుడవుతాడు. ఎల్ఫ్ అదే స్థాయికి 15,00,000 సంపాదించాలి. కాబట్టి ఈ నియమాల సమతౌల్యం సుదీర్ఘకాలం సాగే ఆటను ఊహించి చేసినది. ఆట కొద్ది వారాలలో ముగిస్తే ఎల్ఫ్‌కే లాభం. పైకప్పు తగలక ముందే కథ ముగుస్తుంది.

ఇదే కాలంలో మరొక శాఖలో మూడో సమాధానం వచ్చింది. టామ్ మోల్డ్వే 1981లో సంపాదకత్వం వహించిన 'బేసిక్' గ్రంథంలో ఎల్ఫ్ జాతే ఒక వృత్తి అయింది. 2వ స్థాయికి యోధుడికి 2,000, మాంత్రికుడికి 2,500 అనుభవాంకాలు చాలగా ఎల్ఫ్‌కు 4,000 కావాలి. కలయికను ముందే తూకం వేసి, ఒకే వెల కట్టి ఇచ్చిన పద్ధతి ఇది. ఎంపికలు లేవు కనుక దుర్వినియోగానికి తావు లేదు. అయితే పుట్టుకే వృత్తి అన్న భావన ఇందులో పరాకాష్ఠకు చేరింది.

5. స్వేచ్ఛ, దాని పర్యవసానాలు (2000–2008)

1997లో టి.ఎస్.ఆర్. సంస్థను విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొనుగోలు చేసింది. మాంటీ కుక్, జొనాథన్ ట్వీట్, స్కిప్ విలియమ్స్ రూపొందించిన మూడవ ముద్రణ 2000లో వచ్చింది. అది అన్ని వృత్తులకూ ఒకే అనుభవాంకాల పట్టికను నిర్దేశించింది. జాతిపరమైన పైకప్పులను తొలగించింది. స్థాయి పెరిగిన ప్రతిసారీ ఏ వృత్తిలోనైనా ఒక మెట్టు తీసుకొనే హక్కును ప్రతి పాత్రకూ ఇచ్చింది. పాత్రనిర్మాణ చరిత్రలో ఇది నిస్సందేహంగా పెద్ద మలుపు.

పాత పట్టిక రెట్టింపు క్రమంలో సాగేది. కొత్త విధానంలో స్థాయిలు నేరుగా కూడుతాయి. మొత్తం 10 స్థాయిలంటే 5, 5గా విడిపోవలసిందే. దీని ప్రభావం యోధుడిపై ఒక విధంగా, మాంత్రికుడిపై మరొక విధంగా పడింది. యోధవిద్యలో పదునైన మెట్లు లేవు. దాడి అంకెలు ఏ వృత్తి నుంచి వచ్చినా కలిసిపోతాయి. మంత్రవిద్య అలా కాదు. 10వ స్థాయి మాంత్రికుడు 5వ శ్రేణి మంత్రాలు వేస్తుండగా, 5 స్థాయిలు మాంత్రికుడు, 5 స్థాయిలు అర్చకుడు అయిన పాత్ర రెండు విద్యలలోనూ 3వ శ్రేణి వద్దే ఆగిపోతుంది. మంత్రాల సంఖ్య ఎక్కువే కాని, ఎదురుగా ఉన్న శత్రువు 10వ స్థాయికి తగినవాడు. రెంటికీ చెడ్డ రేవడి అన్న సామెత ఈ పాత్రకు అక్షరాలా సరిపోతుంది.

మరొక వైపు వ్యతిరేక దోషం కనిపిస్తుంది. ప్రతి వృత్తీ మొదటి స్థాయిలోనే కొన్ని విద్యలను ఉదారంగా ఇస్తుంది. మొదటి స్థాయిలో మంచి రక్షణాంకం +2తో ఆరంభమవుతుంది. అర్చకుడు, డ్రూయిడ్, విజార్డ్, సోర్సరర్ వృత్తులలో ఒక్కొక్క స్థాయి తీసుకొన్న పాత్రకు మనోబల రక్షణాంకం +8 అవుతుంది. నాలుగు స్థాయిలూ అర్చకుడుగా ఉన్నవాడికి అది +4 మాత్రమే. అదే సమయంలో ఆ నాలుగు వృత్తుల మొదటి స్థాయి దాడి అంకెలు సున్నాలే కనుక మొత్తం దాడి అంకె సున్నా. అర్చకుడిది +3. అంటే ఒకే నియమం ఒకచోట రెట్టింపు ఇచ్చి, మరొకచోట మొత్తాన్ని హరించింది. పూర్ణాంకాలను కూడడంలో పుట్టిన వైకల్యం ఇది. దీనిని సవరించడానికి భిన్నాంకాలతో కూడే ఐచ్ఛిక పద్ధతిని 2004 నాటి 'అనెర్త్‌డ్ ఆర్కేనా' ప్రతిపాదించింది.

నియమకర్తలు ఈ లోపాలను గుర్తించకపోలేదు. రేంజర్ వృత్తి మొదటి స్థాయిలోనే రెండు ఆయుధాల పోరాట నైపుణ్యాన్ని ఇవ్వడంతో చాలామంది ఒక్క స్థాయి కోసం అందులోకి వెళ్లి వచ్చేవారు. 2003 నాటి సవరణ ముద్రణ దానిని 2వ స్థాయికి జరిపింది. ఇద్దరు మంత్రవేత్తల కలయికను ఆదుకోవడానికి 'మిస్టిక్ థియర్జ్' అనే ప్రత్యేక వృత్తిని చేర్చింది. అందులోని ప్రతి స్థాయీ రెండు మంత్రవిద్యలనూ ఒకేసారి పెంచుతుంది. అయితే ఇది మూల నియమాన్ని బాగుచేయడం కాదు, దానికి మాసిక వేయడం. ప్రతి కలయికకూ ఒక ప్రత్యేక వృత్తిని సృష్టించవలసి వస్తే పుస్తకాల సంఖ్య పెరుగుతుంది, సమస్య మాత్రం తీరదు.

2008 నాటి నాలుగవ ముద్రణ దీనికి ప్రతిక్రియగా తలుపులు దగ్గరగా మూసింది. అన్ని వృత్తుల శక్తులనూ ఒకే చట్రంలో బిగించి, బహువృత్తిని 'ఫీట్' అనే ప్రత్యేక నైపుణ్యాల ద్వారా మాత్రమే అనుమతించింది. తన వృత్తిలోని ఒక శక్తిని వదులుకొని పరాయి వృత్తి శక్తిని ఒకదానిని తీసుకోవాలి, దానికి మరొక ఫీట్ ఖర్చు చేయాలి. సమతౌల్యం దృష్ట్యా ఇది నిర్దుష్టానికి దగ్గరగా ఉన్నా, దీనిలో పాత్ర నిజంగా రెండు జీవితాలు గడిపిన భావన కలగదు. 2010లో వచ్చిన మిశ్రవృత్తి నియమాలు ఈ కొరతను కొంత తీర్చడానికి చేసిన ప్రయత్నం.

6. రాజీ మార్గం (2014–2024)

2014లో వచ్చిన అయిదవ ముద్రణ మూడవ ముద్రణ స్వేచ్ఛను తిరిగి తెచ్చింది, కాని ఐచ్ఛిక నియమంగా. ఆట నిర్వాహకుడు అంగీకరిస్తేనే అది అమలవుతుంది. పాత అనుభవాల నుంచి ఇది కొన్ని స్పష్టమైన పాఠాలు నేర్చింది. ఉన్న వృత్తికి, చేరదలచిన వృత్తికి సంబంధించిన ప్రధాన గుణాలలో 13 ఉండాలి. నైపుణ్యాంకం వృత్తి స్థాయిని బట్టి కాక మొత్తం స్థాయిని బట్టి పెరుగుతుంది. రక్షణ నైపుణ్యాలు మొదట ఎంచుకొన్న వృత్తి నుంచి మాత్రమే వస్తాయి కనుక +2లు పోగుచేసే వీలు లేదు. అదనపు దాడి అనే విద్య రెండు వృత్తుల నుంచి వచ్చినా రెట్టింపు కాదు.

మంత్రవేత్తల విషయంలో చేసిన పరిష్కారం ప్రత్యేకంగా గమనింపదగినది. ఇక్కడ మంత్రశక్తిని, మంత్రజ్ఞానాన్ని విడదీశారు. 5 స్థాయిల మాంత్రికుడు, 5 స్థాయిల అర్చకుడు అయిన పాత్రకు మంత్రశక్తి 10వ స్థాయి మాంత్రికుడితో సమానంగా 5వ శ్రేణి వరకు ఉంటుంది. తెలిసిన మంత్రాలు మాత్రం 3వ శ్రేణివే. చిన్న మంత్రాన్ని పెద్ద శక్తితో ప్రయోగించవచ్చు. దీనివల్ల పాత్ర నిరుపయోగం కాదు, ఏకవృత్తి పాత్ర ఆధిక్యమూ చెడదు.

అయినా వెల పూర్తిగా తొలగలేదు. 4 స్థాయిలు యోధుడు, 4 స్థాయిలు మాంత్రికుడు అయిన 8వ స్థాయి పాత్రను తీసుకొందాం. యోధుడికి రెండవ దాడి, మాంత్రికుడికి 3వ శ్రేణి మంత్రాలు 5వ స్థాయిలోనే లభిస్తాయి. ఈ పాత్రకు 8వ స్థాయిలో కూడా రెండూ లేవు. అదే పాత్ర 5, 3గా విడిపోయి ఉంటే ఒకటైనా దక్కేది. దీనిని బట్టి అయిదవ ముద్రణలో వెల ఎన్ని వృత్తులన్న దానిలో లేదని, ఏ మెట్టు వద్ద మారాలన్న దానిలో ఉందని తెలుస్తుంది. మార్పు తెలిసినవాడికి లాభం, తెలియనివాడికి శిక్ష. 2017లో వచ్చిన 'హెక్స్‌బ్లేడ్' ఉపవృత్తిలో ఒక్క స్థాయి తీసుకొంటే చాలు, సమ్మోహన గుణంతోనే ఆయుధం ప్రయోగించే వీలు కలిగేది. పాలడిన్ పాత్రలు అటు మొగ్గు చూపడానికి కారణం అదే. 2024 సవరణలో అన్ని వృత్తుల ఉపవృత్తులనూ 3వ స్థాయికి జరపడం ఇటువంటి ఒక్క మెట్టు లాభాలను తగ్గించే దిశలో వేసిన అడుగు.

ఇతర క్రీడలు ఈ సమస్యను వేరే దారులలో ఎదుర్కొన్నాయి. 1978 నాటి 'రూన్‌క్వెస్ట్' వృత్తి విభజనకు బదులు విద్యలనే ఆధారం చేసుకొంది. ఏ విద్యను వాడితే ఆ విద్యే పెరుగుతుంది. జపాన్‌లో 1988లో వచ్చిన 'డ్రాగన్ క్వెస్ట్ 3' కంప్యూటర్ క్రీడలో 20వ స్థాయికి చేరిన పాత్ర వృత్తి మారవచ్చు. స్థాయి 1కి దిగుతుంది, గుణాంకాలు సగమవుతాయి, నేర్చిన మంత్రాలు మాత్రం మిగులుతాయి. అనుక్రమ మార్గానికి ఇది అత్యంత సరళమైన రూపం. 2023 నాటి 'బాల్డర్స్ గేట్ 3' గుణాంకాల అర్హతను తొలగించి, గరిష్ఠ స్థాయిని 12కు పరిమితం చేసింది. పైమెట్లు లేని ఆటలో ఏకవృత్తి పాత్ర వదులుకోవలసిన అత్యున్నత విద్యలూ ఉండవు కనుక కలయికల ఆకర్షణ సహజంగానే పెరిగింది.

7. పుట్టుక నుంచి ఎంపికకు

ఈ చరిత్రలో అంకెల కింద మరొక కథ ఉంది. 1974 నుంచి 2000 వరకు ఎవరు రెండు వృత్తులు చేయవచ్చునన్నది పుట్టుక నిర్ణయించింది. మానవులే ప్రధానంగా ఉండే ప్రపంచం కావాలన్నది గైగాక్స్ వాదన. అందుకే మానవేతరులకు రెండు చేతులా పని ఇచ్చి, తలపై కప్పు వేశారు. మానవుడికి ఆకాశమంత ఎత్తు ఇచ్చి, ఒకసారి ఒకే దారి అన్నారు. దీనిని సమతౌల్యమని పిలిచినా, తూకం వేసింది వ్యక్తి శ్రమను కాదు, జన్మను.

ఆటలోని జాతి మన సమాజంలోని కులం కాదు. రెంటినీ ఒకటిగా చూపడం చరిత్రకు న్యాయం చేయదు. అయితే పుట్టుకను బట్టి పనిని, పనిలో చేరగల ఎత్తును నిర్ణయించే ఏర్పాటును ఊహాలోకంలో చూసినప్పుడు కూడా, కులవృత్తి అనే మాటను మోసిన భాషలో చదివే పాఠకుడికి దాని బరువు తెలుస్తుంది. ఆ బరువును ఆట తానే ఎలా దించుకొందో గమనించడం ఆసక్తికరం. 2000లో పైకప్పులు పోయినా, ప్రతి జాతికీ ఒక అభిమానవృత్తి మిగిలింది. డ్వార్ఫ్‌కు యోధవృత్తి, ఎల్ఫ్‌కు మాంత్రికవృత్తి. వాటిని దాటి వృత్తుల స్థాయిలలో ఒకటికి మించి తేడా చూపితే అనుభవాంకాలలో 20 శాతం కోత పడేది. మానవుడికి మాత్రం తాను అత్యధిక స్థాయి సాధించిన వృత్తే అభిమానవృత్తి. 2014 నాటికి ఆ కోత లేదు. 2020లో వచ్చిన 'టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్' జాతి ఇచ్చే గుణాంకాల పెంపును ఇష్టమైన గుణానికి మార్చుకొనే వీలు కల్పించింది. 2024లో ఆ పెంపు జాతి నుంచి పాత్ర జీవిత నేపథ్యానికి మారింది, 'రేస్' అనే మాట స్థానంలో 'స్పీషీస్' అనే మాట వచ్చింది. యాభై ఏళ్లలో పాత్ర విలువ దాని పుట్టుక నుంచి దాని గతానికి, దాని ఎంపికకు జరిగింది.

ఈ జరుగుబాటుకు మూల్యం లేకపోలేదు. పుట్టుక విధించిన వెల అందరికీ ముందే తెలుసు. ఎంపిక విధించే వెలను లెక్కలు తెలిసినవాడు తప్పించుకొంటాడు, కథ కోసం పాత్రను మలచుకొన్నవాడు చెల్లిస్తాడు. భార్య మరణం తరువాత కత్తి వదలి దేవాలయంలో చేరిన యోధుణ్ణి ఊహించిన ఆటగాడు 4వ స్థాయిలో ఆ మార్పు చేస్తే, నియమం అతని కథను గుర్తించదు. ఒక మెట్టు ముందుగా మారాడని మాత్రమే గుర్తిస్తుంది.

8. ముగింపు

పై చర్చను బట్టి కొన్ని నిర్ధారణలకు రావచ్చు. బహువృత్తి నియమాల చరిత్ర క్రమంగా సరళమవుతూ వచ్చిన చరిత్ర కాదు. వెలను ఒకచోటు నుంచి మరొకచోటుకు జరుపుతూ వచ్చిన చరిత్ర. తొలి దశలో అది జన్మలోను గుణాంకంలోను, రెండవ దశలో ప్రయాణ కాలంలోను, మూడవ దశలో వదులుకొన్న పైస్థాయిలలోను, నాలుగవ దశలో ఫీట్లలోను, అయిదవ దశలో మార్పు జరిగే మెట్టులోను నిలిచింది. వెల లేని బహువృత్తి ఏ ముద్రణలోనూ లేదు.

ఏ నియమాన్ని పరీక్షించడానికైనా మూడు ప్రశ్నలు ఉపకరిస్తాయి. గమ్యం వద్ద మాత్రమే కాక దారి పొడవునా పాత్ర నిలబడగలదా? మొదటి మెట్టు ఇచ్చేది తరువాతి మెట్లను చులకన చేస్తోందా? ఈ పాత్ర ఎదుగుదల పక్కవాడి పాత్రను నిరుద్యోగిని చేస్తోందా? మొదటి రెంటికీ పట్టికలు సమాధానం చెబుతాయి. మూడవదానికి చెప్పలేవు. అందుకే అయిదవ ముద్రణ ఆ నిర్ణయాన్ని ఆట నిర్వాహకుని విచక్షణకు విడిచిపెట్టడాన్ని లోపంగా కాక వివేకంగా గ్రహించాలి.

పాత్రచిత్రణను అధ్యయనం చేసే తెలుగు పరిశోధకుడికి ఈ నియమగ్రంథాలు ఒక కొత్త ఆకరం. మనిషి ఒక పనికే పుట్టాడా, రెండవ పని చేపట్టాలంటే ఏమి వదులుకోవాలి, ఎవరి అనుమతి కావాలి అనే ప్రశ్నలను సాహిత్యం కథగా అడిగింది. ఈ గ్రంథాలు వాటినే అంకెలుగా అడిగాయి. వసతిగృహంలోని ఆ బృందం మరుసటి ఏడాది మళ్లీ కూర్చున్నప్పుడు ఎవరి పాత్ర ఏ పని చేయాలో ఆటకు ముందే మాట్లాడుకొంది. తాళాలు తీసే మిత్రుడు తిరిగి వచ్చాడు.